తెరకు చూపించిన రేషన్ కార్డు

రెండు వేల ఎనిమిదో, తొమ్మిదో. గద్వాలలో మా అబ్బా, అంటే నాన్న, నడిపే గడియారాల దుకాణానికి అడ్డంగా చెక్క కొట్టించి, ఆ సగంలో మూడు కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. వైరస్‌లతో వేగలేక వాటిలో ఉచితంగా దొరికే సిస్టమ్, దానితో వచ్చే బ్రౌజర్ వేసుకున్నాను. అందరూ వద్దన్నారు. నేను మొండిదాన్ని, వినలేదు.

ఒక మధ్యాహ్నం వడ్డేపల్లి నుంచి ఒక రైతు, ఆయన కూతురు వచ్చారు. విత్తనపత్తి చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్ది క్రాసింగ్ చేసే రోజులు. పొద్దుటి పని ముగించి అట్లాగే వచ్చినట్టున్నారు, ఆ అమ్మాయి వేళ్లకు పుప్పొడి ఇంకా అంటుకునే ఉంది. టీచర్ ట్రైనింగ్ దరఖాస్తుకు అదే ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటి వరకే గడువు.

సైట్ తెరిచాను. ప్రవేశం లేదంటూ పెద్ద ఎర్ర అక్షరాలు. ఫలానా బ్రౌజర్‌లోనే రావాలని కింద చీమ తలకాయంత అక్షరాలు. అమ్మాయి పెద్దవే చదివి తండ్రికి చెప్పింది. ఆయన మొహం వాడిపోయింది. సంచిలోంచి రేషన్ కార్డు, కులం సర్టిఫికెట్, పదో తరగతి మెమో తీసి ఒక్కొక్కటే తెరకు ఎదురుగా పట్టుకున్నాడు.

"ఇగో, అన్నీ ఉన్నయి. మా బిడ్డను ఎందుకు వద్దంటుంది? జర సక్కగ సూడుమను."

నవ్వు రావాల్సింది. కడుపు మండింది.

"నీ బిడ్డను కాదు కాకా, నా కంప్యూటర్‌ను వద్దంటుంది," అన్నాను.

ఊళ్లో రెండో సెంటర్‌వాళ్లు తాళం వేసి రాయచూరులో పెళ్లికి పోయారు. కర్నూలు చేరేసరికి గడువు దాటిపోతుంది. నా మొండితనం వల్ల ఆ పిల్ల చదువు ఆగిపోతుందేమోనని భయమేసింది.

అప్పుడు నా నోట్‌బుక్ గుర్తొచ్చింది. మొహం తెలియని ఎవరో ఒక ఫోరంలో రాసిపెట్టిన చిట్కా అందులో పెన్నుతో ఎక్కించుకున్నాను. ప్రతి బ్రౌజరూ సైట్‌లోకి పోగానే తన పేరు చెప్పుకుంటుంది. సెట్టింగుల్లో ఆ పేరు మార్చవచ్చు. సైట్ అడిగిన బ్రౌజర్ పేరే, నోట్‌బుక్ చూసి ఒక్కో అక్షరం కొట్టాను. ఎక్కడో ఒక చుక్క మరిచిపోయాను, మళ్లీ అవే ఎర్ర అక్షరాలు. సరిచేసి మళ్లీ కొట్టాను.

పేజీ తెరుచుకుంది!

నాలుగున్నరకు దరఖాస్తు నంబరు ప్రింటయింది. నేను అరిచిన అరుపుకు అబ్బా కంటికి పెట్టుకున్న భూతద్దంతోనే పరుగెత్తుకొచ్చాడు. తర్వాత ఆ అమ్మాయికి సీటు కూడా వచ్చింది. "ఇక్కడ ఏ సైటైనా తెరుచుకుంటుంది" అని బోర్డు రాయించాను. గర్వమే, దాచుకోను.

ఇప్పుడు బ్రౌజర్ పేరు చెబితే చాలదు, పెద్ద కంపెనీలు ముద్ర వేసిన గుర్తింపు కంప్యూటర్ చూపించాలనే పథకాల గురించి చదువుతున్నాను. నా నోట్‌బుక్ చిట్కా వాటి ముందు పనిచేయదు. అయినా నేను బెదరను. ఒకసారి తెరిచినవాళ్లం, మళ్లీ తెరుస్తాం. ఆ పథకాలు వేసేవాళ్లకు ముందు ఆ కాకా మాట వినిపించాలి. ఆ రోజు ప్రింటు మడిచి జేబులో పెట్టుకుంటూ ఆయన అడిగాడు:

"గదే కంప్యూటరు, గదే పిల్ల. ముందుగాలనే లోపలికి రానిస్తే దానికేం పోయేది బిడ్డా?"