రెండు వందల ఇరవై నాలుగు బొక్కల సంచి

మా చర్చిలో ఒక ఆదివారం వాన పడింది. బయట కాదు, లోపల. ఆకాశంలోంచి కాదు, నేను కుట్టిన సంచుల్లోంచి. ఆ వానలో ఇద్దరు పెద్దమనుషులు జారిపడ్డారు, మూడు కోళ్లు కడుపు నింపుకున్నాయి, నా పేరు కొట్టుకుపోయింది. ఎలాగో చెబుతాను. మధ్యలో జాలిపడకండి. నేను ఎవరి మీదా జాలిపడే మనిషిని కాను, కాబట్టి మీరు నాకేమీ బాకీ లేరు.

అప్పుడు నేను చిన్నదాన్ని. అరవై రెండు నిండి మూడో నెల. ఆ వయసులో మనిషికి ఒళ్లు తెలియని గర్వం ఉంటుంది. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా నాలాగా కుట్టే మనిషి లేదని నాకు గట్టి నమ్మకం. ఆ బిరుదు ఎవరిచ్చారంటే, నేనే ఇచ్చుకున్నాను. మిషన్ మీద అంగుళానికి పదహారు కుట్లు. పదిహేను పడితే విప్పేసి మళ్లీ కుట్టేదాన్ని. "ఎస్తేరక్క కుడితే బట్టన్న చినుగుతది గాని కుట్టు ఊడదు" అనేవాళ్లు మా ఊరి ఆడవాళ్లు. నేను దాన్ని పొగడ్త అనుకున్నాను.

మా ఊళ్లో కోత పండుగకు ఒక పద్ధతి ఉంది. పండుగకు ముందు కొన్నాళ్లపాటు, వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఇల్లాలు ఒక గుప్పెడు పక్కన పెడుతుంది. పండుగనాడు ఆ బియ్యం చర్చికి తెచ్చి దేవుని బల్ల దగ్గర పెడుతుంది. ఆరాధన అయ్యాక బియ్యం, గుమ్మడికాయలు, కోళ్లు అన్నీ చెట్టుకింద వేలం వేస్తారు. బియ్యం ఎప్పుడూ క్యారీబ్యాగుల్లోనే వచ్చేది. ఆ ఏడు అయ్యగారు, అంటే మా పాస్టరు, ప్లాస్టిక్ వద్దన్నారు. ఆయన భార్యను మేము అమ్మగారు అంటాం. ఆమె గండిపేట వైపు ఏదో ఫంక్షన్ హాల్లో అలంకరణకు తెచ్చి మిగిల్చిన కాగితం చుట్టలు పట్టుకొచ్చింది. మందపాటి గులాబీరంగు కాగితం, మీద బంగారు తీగలు, పూలు.

"దీంతోని చిన్న చిన్న సంచులు కుడితే ఎట్లుంటది?" అని అడిగింది అమ్మగారు.

"కాగితం ఎందుకమ్మ, పాత చీర చింపి కుట్టుకుందం" అంది మా తోటికోడలు సువార్తమ్మ.

సువార్తమ్మది మా పక్కిల్లే. నడుమ ఒకటే గోడ. ఆమె కుట్టు కూడా ఆ గోడ లాంటిదే, ఎక్కడ వంకర తిరుగుతుందో కట్టినవాళ్లకే తెలియదు.

"దేవుని బల్ల మీద నీ పాత చీర పెడతవా?" అన్నాను. "అమ్మగారూ, కాగితం నాకియ్యుండ్రి."

"చినుగుతదేమో అక్క" అంది సువార్తమ్మ.

"ఏది, నా కుట్టా?"

"కుట్టు కాదక్క, కాగితం."

"నా కుట్టు వడ్డంక కాగితమైనా రేకైనా ఒక్కటే!"

అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. ఆడవాళ్లందరూ వింటున్నారు కదా, నా నోరు ఇంకా పొడుగైంది. "నేను కుట్టిన సంచి ఒక్కటంటే ఒక్కటి చినిగినా నా కత్తెర నీకిస్త. చేవెళ్ల కూటానికి కుట్టుపెద్దగా నువ్వే పో!"

ఈ రెండింటి విలువ మీకు తెలియాలి. కత్తెర మా అమ్మది, ఇత్తడి పిడులది. మా ఇంట్లో దాన్ని నేను తప్ప ఎవరూ ముట్టరు. ఇక చేవెళ్లలో ఏటా చుట్టుపక్కల చర్చిల ఆడవాళ్లందరి కూటం జరుగుతుంది. ఊరికొక కుట్టుపెద్ద వెళ్లి, తమవాళ్ల చేతిపని బల్ల మీద పరిచి, మైకులో నాలుగు మాటలు చెబుతుంది. మా ఊరి తరఫున ఎప్పుడూ నేనే. ఆ నాలుగు మాటలు నా చేతిలో నలభై అయ్యేవి. మైకు లాక్కుంటే తప్ప దిగేదాన్ని కాదు.

సరే, పనిలో దిగాను. కాగితం మడిచి రెండు పక్కలా కుట్టు, పైన పట్టుకోవడానికి రిబ్బన్ ఉచ్చు. పక్క కుట్టు ఏడంగుళాలు. మిషన్ మీద కుట్టు పొడవు మార్చే మీట ఉంటుంది. దాన్ని బాగా చిన్నకుట్టుకు తిప్పాను. దేవుని పని కదా! కుట్టు బయట మిగిలిన అంచు చూడ్డానికి బాగుండదని, మా అమ్మ కత్తెరతో దారం పక్కనే కోసేశాను. అచ్చు పెళ్లికార్డుల్లా తయారయ్యాయి. ఒకదానిలో బియ్యం పోసి బల్ల మీద నిలబెట్టి చూశాను. పెళ్లికూతురిలా నిలబడింది.

ఎత్తి చూశావా అంటారా? పెళ్లికూతుర్ని ఎవరైనా ఎత్తి చూస్తారా?

సువార్తమ్మ చిన్నబుచ్చుకుంటుందని అమ్మగారు ఆమెకూ నాలుగు కాగితాలు ఇచ్చింది. ఆమె అంచులు కోయడానికి బద్ధకించి, మిగిలిన కాగితమంతా రెండు మడతలు మడిచేసింది. గోనెసంచులు కుట్టే దబ్బనం తీసుకుని లావు దారంతో చేత్తో కుట్టింది. కుట్టుకూ కుట్టుకూ మధ్య నా బొటనవేలు పడుతుంది.

"ఇది కుట్టా, చేవెళ్ల రోడ్డు మీది తెల్ల గీతలా?" అన్నాను.

"చేను కాడికి పోయే యాళ్లయింది అక్క. గింతకన్న ఓపిక లేదు."

ఆమె సంచులు ఎవరి కంటా పడకుండా నా సంచుల వెనక దాచాను. ఊరి పరువు కోసం.

పండుగనాడు డబ్బాల్లో బియ్యం తెచ్చిన ఆడవాళ్లను చర్చి వెనక వరుసగా నిలబెట్టి, నా కళ్లముందే సంచులు నింపించాను. పక్కావిడ కంటే తక్కువ భక్తి కనబడకూడదని అందరూ కూరి కూరి నింపారు. సువార్తమ్మ తను కుట్టిన సంచే ఏరి తీసుకుంది.

"సంచి కింద చెయ్యి పెట్టకుండ్రి, పూలు నలుగుతయి. రిబ్బన్ పట్టుకునే నడవుండ్రి" అని హుకుం జారీ చేశాను.

ముందు నేను, వెనక నా గులాబీరంగు సైన్యం. పాట అయిపోయింది. అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నారు.

"ప్రభువా, మా మీద నీ దీవెనలు వానలాగా కుమ్మరించుము..."

టర్‌ర్‌ర్!

ముందు నాదే. ఏడంగుళాల పక్క కుట్టు పైనుంచి కిందికి, జిప్పు తీసినట్టు విచ్చుకుంది. ఆ తర్వాత నా వెనక టర్, టర్, టర్. నున్నటి బండల మీద జలజలమని బియ్యం. "ఆమెన్!" అన్నాడు ముందు వరుసలో ఒక పెద్దాయన కళ్లు తెరవకుండానే, ఆనందంతో. కళ్లు తెరిచి లేచిన వెంటనే జారి, పక్కాయన్ని కూడా లాక్కుని కూలబడ్డాడు. వేలానికి గుమ్మం బయట కట్టేసిన కోళ్లు ఆ చప్పుడుకు తాళ్లు తెంచుకుని లోపలికి వచ్చాయి. మా చర్చికి అంత ఆతృతగా ఎవరూ రాగా నేను చూడలేదు.

అమ్మగారు ఒక కాగితం ముక్క తీసి వెలుగుకు పట్టి చూసింది. "ఎస్తేరమ్మా, టికెట్టు పుస్తకంలోంచి చింపినట్టు ఎంత సాఫుగ చినిగిందో చూడు."

అప్పుడు లెక్క వేశాను. వేయాల్సిన రోజు వేయలేదు. రెండు పక్కలా కలిపి పద్నాలుగు అంగుళాలు, అంగుళానికి పదహారు. రెండు వందల ఇరవై నాలుగు బొక్కలు! కాగితాన్ని కలిపి కుట్టానా, ఇక్కడ చింపండి అని గీత గీశానా? నా దారం మాత్రం ఎక్కడా తెగలేదు. పొడుగ్గా, అందంగా నా రిబ్బన్‌కు వేలాడుతూ ఉంది.

అంతలో సువార్తమ్మ తన సంచి పైకెత్తి అటూ ఇటూ ఊపింది. నాకు వినబడేలా అడిగింది.

"అక్క, గిది చినుగుతలేదేంది? నేను సరిగ్గ కుట్టలేదేమో!"

చర్చి మొత్తం నవ్వింది. అయ్యగారు బైబిలు అడ్డం పెట్టుకున్నారు గానీ భుజాలు కదిలాయి.

వేలంలో సువార్తమ్మ సంచి కోసం కనకమామిడి ఫాంహౌస్‌ల నుంచి వచ్చినవాళ్లు పోటీపడ్డారు. చేతిపని అంటే ఇదీ అన్నారట. ఊడ్చి ఎత్తిన నా బియ్యాన్ని ఎవరూ అడగలేదు. "కోళ్లకేస్త, నాకియ్యుండ్రి అయ్యగారూ" అని దాన్నీ ఆమే పాడుకుంది. ఆ సాయంత్రం మా గుమ్మంలో నిలబడి చెయ్యి చాపింది.

"అక్క, కత్తెర."

"పరాష్కానికి అన్న మాట పట్టుకొస్తవా?"

"పరాష్కమా? నాకెట్ల తెలుస్తది అక్క? నువ్వు ఎన్నడన్న పరాష్కమాడితే గద!"

ఇచ్చాను. చేవెళ్ల కూటానికి ఆమే వెళ్లింది. మైకులో రెండే మాటలు చెప్పి దిగిందట. బాగా మాట్లాడిందని ఇప్పటికీ అందరూ అంటారు. మా అమ్మ కత్తెరతో ఆమె రోజూ పాలప్యాకెట్లు కత్తిరిస్తుంది. పొద్దున్నే గోడ అవతల "కిచ్" మని వినబడుతుంది. నాకు అలారం అక్కర్లేదు.

మొన్న జాకెట్ గుడ్డ పట్టుకుని వచ్చింది. "అక్క, జర దూరం దూరం కుట్టు. బస్సుల చెయ్యెత్తి పట్టుకోవాలె, నలుగుర్ల ఇజ్జత్ పోతది."

కాబట్టి చదివేవాళ్లందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా బొందిలో ప్రాణం ఉండగా కాగితానికి సూది చూపించను. పెళ్లికార్డుకు గుండుసూది గుచ్చను, మందుల చీటీకి పిన్ను కొట్టను, గోడ క్యాలెండర్‌ను మేకుకు కూడా తగిలించను. బల్ల మీద పడుకోబెట్టే తేదీలు చూసుకుంటాను. ఈ ప్రమాణం రాసిన కాగితాన్ని అంచులు సమంగా కత్తిరించి దాచుకుందామనుకున్నాను. దానికి గోడ అవతలికి వెళ్లి కత్తెర అడగాలి. వంకరగానే ఉండనివ్వండి.