నల్లబడిన ఈసీజీ

ఎవరైనా కాగితం లామినేషన్ చేయిస్తామంటే, ముందు ఫొటో తీసుకోమంటాను. చంద్రపూర్‌లో గుండె డాక్టరు గది బయట కలిసిన ఒకామె వల్ల వచ్చిన అలవాటిది.

ఆమె పక్కన పదేళ్ల కూతురుంది. సాస్తి బొగ్గు గనిలో పనిచేసిన భర్త, వంశంలో వచ్చే గుండె కండరాల జబ్బుతో చనిపోయాడు. పాప ఈసీజీని తండ్రి పాత ఈసీజీతో పోల్చి చూస్తే పాపకెంత ప్రమాదముందో అంచనా వేయడం సులువవుతుందని డాక్టరు అన్నాడట.

సంచిలోంచి ఆమె తీసిన కాగితం మొత్తం నల్లగా ఉంది.

"ఖరాబ్ కావద్దని లామినేషన్ చేయిస్తే గిట్లైంది తమ్మీ. డాక్టర్‌కు కనపడ్తదా?"

అది వేడి తగిలితే నల్లబడే కాగితం. గీతలిక కనపడవని చెప్పి, "అంతకుముందు ఫొటో ఏమైనా తీశారా అక్కా?" అని అడిగాను.

"తీసి మా వదినెకు పంపిన. నా ఆ ఫోన్ ఖరాబైంది. ఆయన పోయినంక వదినెతోని మాటల్లేవు."

కాసేపు పాపను చూసి, ఫోన్ చేసింది.

"వదినె, నేను... ఆయన ఈసీజీ ఫొటో నీ ఫోన్ల ఇంకా ఉన్నదా?"

అవతలి గొంతు నాకూ వినిపించింది. "ఇప్పుడు యాదికొచ్చిన్నా నేను? మా తమ్ముని కాయితం నేనెట్ల తీసేస్త? ఆగు, పంపుతున్న. పోరి మంచిగుందా?"

ఫొటో వచ్చింది. గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయా, అంచులేమైనా తెగాయా అని నేను చూస్తున్నాను. పాప మాత్రం కాగితాన్ని పట్టుకున్న బొటనవేలిని చూసింది. దాని గోరు సగం చితికి ఉంది.

"బాపు ఏలు," అంది.

డాక్టరు పిలిచినప్పుడు ఫోన్ పాపే పట్టుకుని వెళ్లింది, తెర ఆరిపోకుండా మధ్యమధ్యలో వేలితో తాకుతూ.