గిద్దలూరు దారిలో ముందు పోయిన సైకిలు

నా చిన్నప్పుడు మా మార్కాపురంలో సైకిలు తొక్కడం రావడమే ఒక గొప్ప. దాని మీద ఊరు దాటి దూరం పోయి రావడం అంతకంటే పెద్ద గొప్ప. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఎంతో కాలం కాలేదు. మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. ఆ ఏడు ఆగస్టు జెండా పండగ శుక్రవారం వచ్చింది. శనివారం కూడా సెలవిచ్చారు. బళ్లో మిఠాయి తింటూనే మేం ముగ్గురం స్నేహితులం గిద్దలూరు దాకా సైకిళ్ల మీద పోవాలని తీర్మానం చేసుకున్నాం.

ముగ్గురిలో ఒకడు పలకల ఫ్యాక్టరీ మేస్త్రి కొడుకు. బండలు మోసి పెరిగిన ఒళ్లు, అలుపనేది ఎరగడు. రెండోవాడు మా వీధి టీచరమ్మ కొడుకు. ముందటి ఏడాది టైఫాయిడ్ వచ్చి నెలల తరబడి మంచం మీదే ఉన్నాడు. లేచి తిరుగుతున్నాడన్న మాటే గానీ, ఆటల్లో వాణ్ని ఎవరూ పిలిచేవాళ్లు కాదు. పిలవరని తెలిసి వాడే దూరంగా నిలబడేవాడు. మేం పిలవగానే వాడి ముఖం ఎట్లా వెలిగిందో నాకిప్పటికీ గుర్తుంది. మూడోవాణ్ని నేను.

పెద్దవాళ్లెవరూ లేకుండా పంపేది లేదని మూడు ఇళ్లల్లోనూ ఒకటే మాట. చివరికి మా తాతయ్య, గిద్దలూరులో ఉన్న తన అక్కను చూసి చాలా కాలమైందని, నేనూ వస్తాను పదండి అన్నాడు. తాతయ్యకు మార్కాపురంలో బట్టల దుకాణం ఉండేది. యాభై దాటాక సైకిలు నేర్చుకున్న మనిషి. ఆయన వస్తున్నాడని తెలిశాకే టీచరమ్మ తన కొడుకును పంపడానికి ఒప్పుకుంది. ముసలాయనతో పోతే సాయంత్రానికి కంభం కూడా చేరమని మేస్త్రి కొడుకు గొణిగాడు. నాక్కూడా మనసులో అదే ఉంది.

శనివారం తెల్లవారకముందే బయలుదేరాం. తాతయ్యది సొంత సైకిలు, మావి అద్దెవి. మా అమ్మ కట్టిచ్చిన పులిహోర మూట తాతయ్య క్యారియర్ మీద ఉంది. పలకల గనుల దగ్గర నల్లగా పోసిన రాతిముక్కల గుట్టలు దాటాక ఇక అంతా బయలే. వానలు సరిగా లేక సజ్జ మోకాలెత్తు కూడా పెరగలేదు. ఎర్రచెలకల్లో అక్కడక్కడా గొర్రెల మందలు, పడమట నల్లమల కొండలు. ఎంత తొక్కినా ఆ కొండలు దగ్గరికి రావు, దూరమూ పోవు. పొద్దుటి చల్లదనంలో పాటలు పాడుకుంటూ కంభం దాటాం. బేస్తవారిపేటలో చింతచెట్టు కింద పులిహోర తిన్నాం.

బేస్తవారిపేట దాటాక కష్టం మొదలైంది. శ్రావణ మాసంలో మా వైపు పడమటి గాలి ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అడ్డంగా ఒక చెట్టు లేదు, గోడ లేదు. కుడివైపు నుంచి వచ్చి సైకిలును రోడ్డు మీంచి తోసేస్తుంది. టీచరమ్మ కొడుకు వెనకబడటం మొదలుపెట్టాడు. మేస్త్రి కొడుకూ నేనూ ముందు పోయి ఆగేవాళ్లం. వాడు రొప్పుకుంటూ వచ్చి మమ్మల్ని కలుసుకోగానే, వచ్చాడు కదా అని మళ్లీ బయలుదేరేవాళ్లం. మాకు ప్రతిసారీ విశ్రాంతి దొరికేది. అలిసిపోయినవాడికి మాత్రం దొరికేది కాదు. ఆ సంగతి మాకు తట్టలేదు. తాతయ్య మాత్రం వాడి వెనకాలే, వాణ్ని దాటకుండా వస్తున్నాడు.

ఒకచోట ఆగినప్పుడు మేస్త్రి కొడుకు నాతో అన్నాడు.

"ఇట్లయితే పొద్దు గూకినా గిద్దలూరు చేరం. వాణ్ని బేస్తవారిపేటకు తిప్పి బస్సెక్కిస్తే సరిపోతాది."

వాడిలో కోపం లేదు. ఉన్న మాట చెప్పాడు. కానీ గాలి ఆ మాటను మోసుకుపోయి, అప్పుడే వస్తున్నవాడి చెవిన వేసింది. టీచరమ్మ కొడుకు సైకిలు దిగి, దాన్ని జాగ్రత్తగా పక్కన పడుకోబెట్టి, రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ గట్టు మీద కూర్చున్నాడు. మీరు పోండి, నేను నడిపించుకుంటూ వెనక్కు పోతాను అన్నాడు. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది. ఆరోజు వాడు వెనక్కు పోతే ఇంకెప్పుడూ, ఎవరితోనూ, ఎక్కడికీ రాడని నాకు లోపల అనిపించింది.

తాతయ్య వచ్చి సైకిలు స్టాండు వేశాడు. ఏమైందని అడగలేదు. నీళ్లు తాగి, వాడి పక్కనే గట్టు మీద కూర్చుని, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత వాడితో మెల్లగా అన్నాడు.

"నాయనా, నాకొక సాయం చెయ్యాల. ఈ గాలికి కళ్లల్లో నీళ్లు కారి ముందర గుంత ఉందో మెరక ఉందో ఆనడం లేదు. నువ్వు ముందు పోతా ఉండు. నీ వెనక చక్రం చూసుకుంటా నేనొస్తా."

నేను పోతా తాతా అని మేస్త్రి కొడుకు ముందుకొచ్చాడు.

"నువ్వు పోయే పోకడకు నేను పడి పండ్లు రాలగొట్టుకుంటా" అన్నాడు తాతయ్య. "నువ్వు వాని కుడిపక్కనే ఉండు. గొర్రెలు అడ్డమొస్తే బెల్లు కొట్టు."

మా తాతయ్య చూపు ఎంత గట్టిదో నాకు తెలుసు. నోరు తెరవబోయాను. ఆయన నావైపు ఒక్క చూపు చూశాడు. నోరు మూసుకున్నాను.

టీచరమ్మ కొడుకు చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, సైకిలు ఎత్తి, హ్యాండిలుకంటిన దుమ్ము దులిపాడు.

అక్కడి నుంచి మా నడకే మారిపోయింది. ముందు వాడు, వాడి కుడిపక్కన మేస్త్రి కొడుకు, వెనక తాతయ్య, ఆ వెనక నేను. మొదట్లో మేస్త్రి కొడుక్కు కాళ్లు ఆగలేదు, ఊరికే బెల్లు మోగించాడు. కాసేపటికి వాడూ ఆ వేగానికి అలవాటుపడ్డాడు. గాలి వచ్చి మొదట మేస్త్రి కొడుకు వెడల్పాటి ఒంటికి తగులుతోంది. వాడి చాటున రెండోవాడి సైకిలు తిన్నగా పోతోంది. తాతయ్య కుడిపక్క అని ఎందుకన్నాడో నాకప్పుడు అర్థమైంది.

మొదట టీచరమ్మ కొడుకు గొంతు వినీవినబడకుండా ఉంది. గుంత తాతా, అనేవాడు. కంకర తాతా, బండి వస్తాంది తాతా. పోనుపోను గొంతు గట్టిపడింది. తాతయ్య ప్రతి మాటకూ ఊఁ కొడుతున్నాడు. వాడికి అలుపొచ్చినప్పుడు, తాతకు కాస్త ఆయాసం తీరనీ అని వాడే ఆపేవాడు. అందరం కలిసి ఆగేవాళ్లం, కలిసి లేచేవాళ్లం. చిత్రమేమిటంటే అంతకుముందుకంటే దూరం త్వరగా కరిగింది.

ఒకచోట రోడ్డంతా గొర్రెలే. మందను తోలుకుపోతున్న ముసలాయన కర్ర మీద ఆనుకుని, యాడికి పోతాండారు పెద్దాయనా అని తాతయ్యను అడిగాడు. తాతయ్య గంభీరంగా ముందున్నవాణ్ని చూపించి, ఆయన్నే అడుగు, మమ్మల్ని తోలుకపోయేది ఆయనే అన్నాడు. అందరం నవ్వాం. పొద్దున్నుంచి టీచరమ్మ కొడుకు నవ్వడం అదే మొదలు.

పొద్దు ఇంకా కొండల మీద ఉండగానే గిద్దలూరు చేరాం. తాతయ్య అక్క, మా పెద్దవ్వ, ఈ వయసులో ఇదేం పని అని తమ్ముణ్ని తిట్టి, మా అందరి కాళ్లకూ వేణ్నీళ్లు కాచి ఇచ్చింది. మేస్త్రి కొడుకు అరుగు మీద ఒరిగి అక్కడే నిద్రపోయాడు. టీచరమ్మ కొడుకూ నేనూ పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాం. తాతయ్య ఆడిన అబద్ధం వాడికి తెలిసిపోతుందేమోనని నా భయం. అందుకని, మా తాతకు ఈ మధ్య చూపు తగ్గింది అని అడక్కపోయినా చెప్పాను.

వాడు చెంబు కింద పెట్టాడు.

"మొన్న మా అమ్మ చీర కొనను మీ దుకాణానికి పోయినప్పుడు నేనూ ఉన్నా. దీపాలు పెట్టే యాళ. అంచులో ఒక పోగు పోయిందని మీ తాతే చూసి, ఇది వద్దులేమ్మా అని లోపల పెట్టినాడు. మా అమ్మకే కనబడలేదు."

తెలిసీ ఎందుకు ముందు పోయినావని అడిగాను.

"అంత పెద్దాయన నాకోసం సాయం అడిగినాడు. కాదని ఎట్ల కూర్చుంటా?"

లోపల తాతయ్య, పెద్దవ్వ ఏదో పాత సంగతికి నవ్వుకుంటున్నారు. మేమిద్దరం ఇక ఆ మాట ఎత్తలేదు. మరునాడు తిరుగు ప్రయాణంలో గాలి మా వెనక నుంచి తోసింది. వాడు ఎవరూ చెప్పకుండానే ముందుకు పోయాడు. గుంత తాతా, అంటూనే ఉన్నాడు. తాతయ్య మార్కాపురం దాకా ఊఁ కొడుతూనే వచ్చాడు.

సాయం చేసేవాడు తన చెయ్యే కింద పెట్టి, అడుగుతున్నట్టు ఇవ్వాలని ఆరోజు మా తాతయ్య దగ్గర నేర్చుకున్నాను. అంతకంటే కష్టమైనది, ఇచ్చినవాళ్ల మనసు చిన్నబోకుండా తీసుకోవడం. అది నాకు నేర్పింది నా ఈడువాడు. ఇన్నేళ్ల బతుకులో నేను రెండు వైపులా నిలబడ్డాను. ఈ మధ్య ఎక్కువగా తీసుకునే వైపే నా వంతు వస్తోంది.

మొన్న పొదిలి బస్సులో నిలబడి ఉంటే కాలేజీ పిల్ల ఒకతె లేచి, కూర్చో తాతా, నేను దిగాల్సింది ఈ పక్క ఊర్లోనే అంది. కూర్చున్నాను. ఆ ఊరొచ్చింది, పోయింది. ఇంకో ఊరూ పోయింది. ఆ పిల్ల వెనక ఎక్కడో కమ్మీ పట్టుకుని నిలబడే ఉందని నాకు తెలుసు. నేను దిగేదాకా వెనక్కు తిరిగి చూడకుండా, కిటికీలోంచి చేలవైపే చూస్తూ కూర్చున్నాను.