ఓబుళమ్మ టీచర్ గొంతుకు ఎకో వద్దు

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీరు ఇన్నేళ్లుగా నమ్ముతూ వచ్చిన మాటల్లో, నిజమని తేల్చుకుని నమ్మినవి ఎన్ని, చెప్పినవాళ్ల గొంతు గంభీరంగా మోగిందని నమ్మినవి ఎన్ని?

పోయిన నెల కడపలో ఒక మిద్దె మీది గదిలో నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. బయటి చప్పుడు రాకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, మూసిన కిటికీ, లోపల ఉడికించే ఎండ వేడి. మొదట యంత్రమేదో గుండెలా కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. దాని మీద సన్నని తీగ మోత లేచింది. ఆ మోతను చీల్చుకుంటూ ఓబుళమ్మ టీచర్ పలికారు. "అడగండి." ఆమె పోయి చాలా ఏళ్లయింది. అయినా సభలో నా పేరు పిలిచినట్టే నా వెన్ను నిటారయింది. కానీ ఆ మాట అక్కడ ఆగలేదు. కొండగుహలోంచి వస్తున్నట్టు మళ్లీ మళ్లీ మోగుతూ, సాగుతూ, పొగలా కరిగిపోయింది.

"ఎట్లుండాది అత్తా?" అంది జమీల, నా ముఖంలోకి చూస్తూ.

జమీల, మద్దిలేటి కలిసి కంప్యూటర్ మీద పాటలు కడతారు. నాపరాళ్లు కోసే మిషన్ రొద, బోర్లు వేసే లారీ మోత, బస్టాండు అరుపులు పట్టుకొచ్చి వాటితోనే సంగీతం చేస్తారు. ఈ పాటను ముందు విడుదల చేసి, వెనకే ఆల్బం తెస్తారట. ఆల్బం పేరు 'అమ్మవాక్కు' అనుకున్నారు. పాటలోంచి చిన్న ముక్కను ముందే ఫోన్లలోకి వదిలితే వేలం వెర్రిగా విన్నారని మద్దిలేటి సంబరంగా చూపించాడు. దాని కింద ఎవరో రాశారు: "ఈ అమ్మ ఆశ్రమం యాడుండాది? దర్శనం దొరుకుతాదా?"

నాకు ఒళ్లు మండింది. జీవితమంతా దర్శనాల మీద ప్రశ్నలు వేసిన మనిషికి ఆశ్రమం కడుతున్నారు!

ఓబుళమ్మ గారు ఆలూరు వైపు సైన్సు టీచరు. సెలవు వస్తే మాలాంటి కాలేజీ పిల్లల్ని వెంటేసుకుని పల్లెల్లో సభలు పెట్టేవారు. వాటికి మైకు సెట్టు కట్టింది జమీల తండ్రి మస్తానన్న. నన్ను చెల్లెలా అనేవాడు, అందుకే జమీలకు నేను అత్తను. ఆ సభలన్నీ ఆయన టేపుల్లో పట్టి దాచాడు. ఆయన పోయాక అవి కూతురి చేతికొచ్చాయి.

మొదటిసారి నేను ఆమె ముందు మాట్లాడినప్పుడు మూఢనమ్మకాల మీద నిప్పులు కురిపించాను. మా జట్టు చప్పట్లు కొట్టింది. టీచర్ కొట్టలేదు. "శానా బాగా అరిచినావమ్మా. ఇప్పుడు అవతలి పక్కకు పోయి నిలబడు. వాళ్ల మాట వాళ్లకంటే బాగా చెప్పు. అప్పుడు నీ కోపానికి పనుందో లేదో తేలుతాది" అన్నారు. అవతలి పక్కకు పోయాను. అవతలి వాళ్ల మాట నాకసలు తెలియదని నిలబడ్డాకే తెలిసింది.

ఆ పద్ధతికి ఎంత విలువుందో వానలు ఎగ్గొట్టిన ఒక ఏడు చూశాను. ఒక పల్లెలో రైతు ఎద్దులు రెండూ ఒకే రోజు కూలిపోయాయి. ముందురోజు దొడ్డి దగ్గర నిలబడిందని, ఒంటరిగా బతికే పెద్దక్క అనే ఆమె మీద చేతబడి నింద వేశారు. ఊరు దాటించాలన్నారు. అంతకంటే ఘోరమైన మాటలూ అన్నారు. ఆ సాయంత్రం రచ్చ దగ్గర టీచర్ మైకు అందుకుని నోరు తెరవగానే ఊరంతా మారుమోగింది. భజనలకు పెట్టే ఎకోనే మస్తానన్న అలవాటుగా పెట్టేశాడు.

"ఆ గుహ గొంతు నాకొద్దు మస్తానూ. తీసెయ్."

"తీసేస్తే ఎవురు నమ్ముతారు టీచరమ్మా? గంభీరంగా ఉండాల కదా!"

"నమ్మే పని లేదప్పా. నేను ఒకసారి చెప్తా. రెండోసారి మోగాల్సింది వాళ్ల గొంతు."

ఎకో పోయింది. ఆమె గొంతు మామూలుగా, కాస్త బొంగురుగా వినిపించింది. చివర్లో "అడగండి" అన్నారు. ఎద్దులు పోయిన రైతు లేచాడు.

"మరి నా ఎద్దులు ఎట్ల సచ్చిపాయె? చెప్పు!"

"ఆమె నీ దొడ్డి కాడ నిలబడింది. తెల్లారి ఎద్దులు పడిపోయినాయి. అందుకే నీకు అనుమానం. నీ మాట ఇదేనా?"

"అదే."

"నీ నష్టం నిజం. కారణం మాత్రం నాకు తెలీదు. తెలిసినోళ్లను పిలుద్దాం. అంతవరకు ఆమె గడప ఎవురూ తొక్కొద్దు."

తెలీదని మైకులో చెప్పిన మొదటి మనిషిని చూసి జనం గొల్లున నవ్వారు. "తెలీనప్పుడు మైకెందుకు టీచరమ్మా!" అని ఎవరో ఎత్తిపొడిచారు. ఆమె ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగారు. కిందికి దిగి పెద్దక్క ఇంటి అరుగు మీద కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. మర్నాడు పశువుల డాక్టరు వచ్చాడు. నీళ్లు లేక వాడిన లేత జొన్న పైరు విషమవుతుందని, మేత దొరక్క ఆ రైతు దాన్నే కోసి వేశాడని తేల్చాడు. రైతు పెద్దక్కకు క్షమాపణ చెప్పలేదు. కానీ ఆమె ఆ ఇంట్లోనే బతికింది, ఆ ఇంట్లోనే ముసలిదయింది.

ఇదంతా ఆ ఉడికే గదిలో ఇద్దరికీ చెప్పాను. జమీల తల వంచుకుని విన్నది. మద్దిలేటి ఒప్పుకోలేదు. "ఎకో తీసేస్తే ఆడ ఖాళీ వస్తాది మేడం. పాట కూలిపోతాది. ఇంత కష్టం చేసినాం, ఎవురూ వినకపోతే?" అన్నాడు. టీచర్ నేర్పిన పని చేశాను, అతని పక్కన నిలబడ్డాను. "నీ భయం నిజం. వినకపోవచ్చు. వింటారని నేను మాటివ్వలేను" అన్నాను.

జమీల ఆ సభ పాత టేపును పెట్టింది. ఎకో లేని "అడగండి", దాని వెనక కాసేపు నిశ్శబ్దం, రైతు కేక, టీచర్ "నాకు తెలీదు", ఆ నవ్వు. "ఇవన్నీ మేమే కోసి పారేసినాం" అంది మెల్లగా. "మా నాయన అవన్నీ ఉంచినాడు."

మద్దిలేటి తెర మీద ఆ ముక్కను ముందుకూ వెనక్కూ జరిపి చూశాడు. "ఆ నవ్వు తాళంలోకి రాదు" అని గొణిగాడు. "రాకపోతే రానీరా" అంది జమీల.

నిన్న ఆమె ఫోన్ చేసింది. పాటలోంచి ఎకో తీసేశారు. రైతు గొంతూ నవ్వూ తిరిగి వచ్చాయి. ఆల్బం పేరు 'నాకు తెలీదు'. ముందు వదిలిన ముక్కను తీసేస్తే, అమ్మను మాయం చేశారని కొందరు తిట్టిపోశారట. కొత్త పాట ఎంతమంది వింటారో తెలియదు. నాకు ఆ దిగులు ఉంది, దాచను.

ఇప్పటికీ ఏ సభలోనైనా మైకు ముందు నిలబడితే, ముందు ఆపరేటరు వైపు తిరిగి ఎకో తీసేయమంటాను. ప్రశ్న వచ్చి, జవాబు తెలియకపోతే, తెలియదంటాను. జనం నవ్వుతారు. ఆ నవ్వు పూర్తయ్యేదాకా నిలబడటం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆ పాట మీ ఫోన్లోకి వస్తే చేతులు జోడించకండి. "అడగండి" తర్వాత వచ్చే ఆ నిశ్శబ్దం మీ కోసం ఉంచింది. రేపు మీ ఊళ్లో ఎవరైనా మైకు పట్టుకుని ఒక మనిషి మీద నింద వేస్తే, లేవండి. అందరూ వినేలా "నీకెలా తెలుసు?" అని అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చోకండి.