పుంగనూరులో వదిలేసిన బస్సు

1943. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుపొయ్యి తగిలించుకుని నడుస్తున్న యుద్ధకాలం. నేను పుంగనూరులో ఒక చిన్న మిషన్ డిస్పెన్సరీలో నర్సుగా ఉన్నాను. బడికి పోయిన దాన్ని కాను. మా నాయన సాయంత్రాలు బైబిలు ముందు పెట్టి ఇంట్లోనే చదువు చెప్పాడు. ఆ చదువే నాకీ పని ఇప్పించింది. ఆయనకూ దేవునికీ ఎన్ని వందనాలు చెప్పినా రుణం తీరదు.

డాక్టరమ్మ ఉండేది మదనపల్లెలో. మా డిస్పెన్సరీని నడిపేది సుగుణమ్మగారు. అందరూ ఆమెను సిస్టరమ్మ అనేవారు. ఏళ్ల తరబడి కాన్పులు చూసిన మనిషి. ఆమెకొక అలవాటుండేది. ఎంతటి ఆపదలో వచ్చిన రోగినైనా ముందు చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, నాలుగు మాటలు ప్రార్థన చేసేవారు. ఆ తర్వాతే ఏ పనైనా. అది భక్తి అనుకునేదాన్ని. భక్తే, కానీ అంతటితో ఆగేది కాదు.

ఒక మధ్యాహ్నం సదుం వైపు నుంచి ఎద్దులబండి వచ్చింది. లక్ష్మక్క అనే అమ్మాయి తెల్లవారుజామున ఇంట్లోనే ప్రసవించింది. బిడ్డ బాగానే ఉంది, అత్త ఒడిలో నిద్రపోతోంది. తల్లికి మాత్రం మాయ పడలేదు. మా పనిలో దాన్ని ప్లసెంటా అంటాం. అది బయటికి రాకపోతే గర్భసంచి ముడుచుకోదు, రక్తం ఆగదు. మొగుడు కోలారు గనుల్లో పనికి పోయి ఉన్నాడు కాబట్టి మామ మునెప్పే బండి తోలుకొచ్చాడు.

లోపల చెయ్యి పెట్టి మాయ తీయడం డాక్టర్ల పని. మేము చేయకూడదు. ఇలాంటి మనిషిని బస్సెక్కించి మదనపల్లెకు పంపడం మా పద్ధతి. ఆ రోజు బస్సు బజారులో బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. మునెప్ప పరుగెత్తి, చేతిలో ముల్లుకర్రతోనే దానికి అడ్డంగా నిలబడ్డాడు. డ్రైవరు తిట్టడం, హారన్ మోగడం మాకు వినిపిస్తూనే ఉంది. నేను స్ట్రెచర్ పరిచాను.

సిస్టరమ్మ లక్ష్మక్క పొట్ట మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నారు.

అత్తకు ఓర్పు చాలలేదు. "దేవుని మాటలు తర్వాత సెప్పుకోవచ్చమ్మా. ఈడ పిల్ల పోతాండాది."

సిస్టరమ్మ కదల్లేదు. ఆ చెయ్యి మెల్లగా బొడ్డు పైకి పోయి, ఒక పక్కకు జరిగి, మళ్లీ కిందికొచ్చి ఆగింది. కళ్లు తెరిచి, లక్ష్మక్క చెవి దగ్గరికి వంగి అడిగారు.

"ఒంటికి ఎప్పుడు పోయినావమ్మా?"

లక్ష్మక్క మొహం తిప్పుకుంది. "యాడ పోయేదమ్మా. మామ బండి తోల్తాండాడు."

నిన్న రాత్రి నొప్పులు మొదలైనప్పటి నుంచీ పోలేదట. దారి పొడుగునా బండి ఆపమని మామతో ఎట్లా అనడం? అత్తతో చెప్పినా ఆ మాట మామ చెవిన పడుతుంది. బిగబట్టుకుని పడుకుంది.

సిస్టరమ్మ నా వైపు తిరిగారు. "బస్సు పొమ్మను."

నేను స్ట్రెచర్ పట్టుకునే నిలబడ్డాను. అది పోతే మరుసటి రోజు దాకా ఇంకో బస్సు లేదు.

"పో అమ్మా. వచ్చి గ్లవుజులు ఉడకబెట్టు. మాయ రాకపోతే నేనే చెయ్యి పెడతా. అడిగినవాళ్లకు జవాబు నేను చెప్పుకుంటా."

బస్సు పోయింది. మునెప్ప వాకిట్లో కూలబడి, మేము తన కోడలిని చంపుతున్నామన్నట్టు నన్ను చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేదు.

సిస్టరమ్మ కాథెటర్, అంటే సన్నని రబ్బరు గొట్టం, పెట్టి మూత్రం తీశారు. బేసిన్ దాదాపు నిండింది. నిండిన మూత్రాశయం తోయడంతో పైకెక్కి ఒక పక్కకు ఒరిగిన గర్భసంచి మెల్లగా కిందికి దిగి, ఆమె అరచేతి కింద గట్టిపడింది. ఇంకాసేపటికి మాయ దానంతటదే వచ్చింది. తునక మిగల్లేదని వెలుతురులో తిప్పి చూసుకున్నాకే ఆమె కూర్చున్నారు. గ్లవుజులు నీళ్లలోనే ఉండిపోయాయి.

సంగతి తెలిసి మునెప్ప తల వంచుకున్నాడు. "ఒక్క మాట సెప్పుంటే బండి నిలిపి, నేను అల్లంత దూరం పోయి నిలబడుందును కదమ్మా," అన్నాడు.

తర్వాత సిస్టరమ్మను అడిగాను: అప్పటికీ రాకపోయుంటే? రక్తం ఇంకా ఎక్కువయ్యుంటే?

"అయినా బస్సు పొమ్మనే ఉందును. రక్తం కారే మనిషిని ఆ కుదుపులకు అప్పజెప్తే, దారిలో పొట్ట మీద చెయ్యి ఎవురు పెడతారు?"

కొన్నేళ్లకు నన్ను కుప్పం పంపారు. అక్కడా మాయ పడని ఒక తల్లి వచ్చింది. ఒంటికి పోయిందా అని అడిగాను. పోయిందట. చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాను. గర్భసంచి పిండిముద్దలా మెత్తగా ఉంది. మందు ఇచ్చినా బిగుసుకోలేదు. గ్లవుజులు పెట్టెలో ఉన్నాయి. కానీ నా చెయ్యి ఆ పని ఎన్నడూ చేయలేదు, సిస్టరమ్మ చెయ్యి కాదది. ఆమె బస్సు వదిలేశారు; నేను ఆ తల్లితో పెద్ద ఆస్పత్రికి రైలు పట్టుకున్నాను.

పెద్ద ఆస్పత్రి వాకిలి చేరేదాకా ఆ పొట్ట మీంచి చెయ్యి తీయలేదు. మెత్తబడినప్పుడల్లా మర్దన చేస్తూ, దేవుని పిలుస్తూ కూర్చున్నాను. ఆమె దక్కింది. దక్కకపోయుంటే చాలా ఏడ్చేదాన్ని, కానీ ఆ రైలు ఎక్కించినందుకు కాదు.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు, పెద్దవారు కదా, మీకు ఆపదలో ఏం చేయాలో ముందే తెలిసిపోతుందా అని అడుగుతారు. తెలియదు. అందుకే ముందు చెయ్యి వేసి కళ్లు మూసుకుంటాను.