దగ్గించిన మధ్యాహ్నం

మా అమ్మ మీద ఒట్టు, తినే అన్నం మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా నోటికి అబద్ధం అలవాటని వర్ధన్నపేటలో ఎవరినడిగినా చెబుతారు గనుక ముందే ఒట్టు వేసుకుంటున్నాను.

ఎనభైల మొదట్లో, క్షయతో చెడిపోయిన మా తమ్ముడి ఊపిరితిత్తిలో కొంత భాగాన్ని వరంగల్‌లో ఒక దవాఖానలో కోసి తీసేశారు. ఆపరేషన్ బాగానే అయింది. నర్సమ్మ వాడి చేతికి ఒక మెత్త, చిన్న దిండు, ఇచ్చింది.

"దీన్ని కుట్ల మీద ఒత్తి పట్టుకొని గంటకోసారి దగ్గాలె. కఫం లోపల నిలిస్తే ఉన్నది కూడ పాడైతది."

ఆమె అటు వెళ్లగానే అమ్మ ఆ మెత్తను వాడి తలకింద పెట్టేసింది. "దగ్గకు బిడ్డా, కుట్లు తెగుతయి." చూడ్డానికి వచ్చిన చుట్టాలందరిదీ అదే మాట. కేసముద్రం నుంచి వచ్చిన మేనత్త, దగ్గు రాకుండా వాడి బుగ్గన కరక్కాయ ముక్క కూడా పెట్టింది. నేనూ సరేనన్నాను.

మూడో రోజుకు ఒళ్లు కాలిపోతోంది. ఊపిరి తీస్తే గొంతులో గరగర. డాక్టరు వీపు మీద గొట్టం ఆనించి విన్నాడు.

"కింద గాలి ఆడుతలేదు. సాయంత్రంలోపు కఫం పడాలె. లేకుంటే నేనేం చెప్పలేను."

అమ్మ నా వైపు చూసింది. "పెద్దోనివి. ఏదన్న చెయ్యి."

నాకు చేతనైన పని ఒకటే. వాణ్ణి లేపి కూర్చోబెట్టి, మెత్తను ఛాతీకి ఒత్తిపట్టి, మొదలుపెట్టాను.

"నెక్కొండ టేషన్ల టీసీ మన మామ బర్రెను టికెట్ అడిగిండురా. మామ తీసి చూపించిండు. బర్రె ఆ టికెట్ మింగి, టీసీ టోపీ నమిలింది. ఆయన టోపీకి రసీదు రాసిండు."

"ఊకో అన్నా. నవ్వితే పానం పోతాంది."

"పోదు, విను. రసీదు కూడ మింగింది."

వాడు నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. మేనత్త నా భుజం మీద గుద్దుతూ, "సంపుతానవురా వాణ్ణి" అని ఏడ్చింది. పళ్లెంలో పచ్చటి కఫం గడ్డ పడింది. మర్నాటికి జ్వరం దిగింది.

ఇక ఒట్టు సంగతి. ఆ నవ్వొక్కటే నా కల్పన; కఫం పడటం, జ్వరం దిగడం నిజమే. వాడికి నవ్వే ఓపిక ఎక్కడిది? బర్రె టోపీ నమిలే లోపే నీరసంతో కళ్లు మూసుకున్నాడు. వీపు మీద అరచేత్తో చరిచి చరిచి దగ్గించాను. వాడు రెండు చేతులు జోడించి, "ఇడిసిపెట్టు అన్నా" అని బతిమాలాడు. నా చేతిలోనే పోతున్నాడనుకున్నాను. అయినా చెయ్యి ఆపలేదు.