ఉట్టి క్యారియర్

పోచంపల్లిలో నేతగాడు వెంకటనర్సును చివరిదాకా అందరూ ‘టిఫిన్’ అనే పిలిచారు. అది ఒక డాక్టరు నోటి పుణ్యం. తెలంగాణ వచ్చిన మరుసటేడు రక్తదాన శిబిరంలో ఆయన రక్తంలో హెపటైటిస్-బి బయటపడింది. మందేమన్నా రాస్తారా అని అడిగితే, "నువ్వు ఉట్టి క్యారియర్‌వే, రోగం లేదు, పో" అన్నాడట ఆ డాక్టరు. ఇంటికొచ్చి భార్యతో, "శారదా, నేను టిఫిన్ క్యారియర్‌నటనే. ఇగ ఏం బువ్వ వెడ్తవో వెట్టు" అని నవ్వాడు. వాడకట్టంతా నవ్వింది.

ఏడేళ్లు నవ్వింది. ఆరు నెలలకోసారి స్కానింగ్ తీయించుకొమ్మని ఆయనకు ఒక్కరూ చెప్పలేదు. ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయాలని, పిల్లకు టీకా వేయించాలని చెప్పలేదు. ఎనిమిదో ఏడు కడుపుబ్బి దవాఖానకు పోతే కాలేయంలో కోడిగుడ్డంత క్యాన్సర్ గడ్డ. నలభై రోజుల్లో మనిషి పోయాడు. పైగా దవాఖాన కాగితంలో ‘తాగుడు అలవాటు’ అని రాశారు. దసరాకు తప్ప కల్లు ముట్టని మనిషి. నేతగాడు చస్తే తాగే చచ్చుంటాడని ఎవరు తేల్చారు?

ఇప్పుడు ఇరవై మూడేళ్ల కూతురు మంజుల రక్తంలోనూ అదే తేలింది. శారదమ్మ ఆమెను వెంటబెట్టుకొని పెద్ద దవాఖానకు వచ్చింది. అక్కడి డాక్టరు కాగితం చూసి, తల ఎత్తకుండానే చెప్పాడు.

"క్యారియరేనమ్మా. ఫికర్ అక్కర్లేదు. నెక్స్ట్."

శారదమ్మ స్టూలు మీద నుంచి లేవలేదు.

"సారూ, గా పురుగు లోపల ఏం జేస్తదో జర చెప్పుండ్రి."

"చెప్పినా నీకు అర్థం కాదమ్మా. కణంలో డీఎన్ఏ అని దారం లాంటిది ఉంటది. వైరస్ దాన్ని తెంపుతది, మధ్యల దూరుతది..."

"దారం సంగతి నాకర్థం గాదా?"

ముప్పై ఏళ్లుగా నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దిన చేతులు ఆమెవి.

"ముడి గింతంత జరిగినా దారం జూస్తే ఏం దెల్వదు సారూ. నేసినంక జూస్తే చీర మీది చిలకకు ముక్కు వోయి తోక మీద వడ్తది. అప్పుడు ఇప్పనీకి రాదు. మా ఇంటాయనది నేసినంక జూసిండ్రు. నా బిడ్డది ఇప్పుడే జూడుండ్రి."

వెనక లైన్లో ఒక ముసలాయన గొణిగాడు. "మగ్గం గుంతల గూసున్నట్టు గూసున్నది. ఇగ లేస్తదా?"

డాక్టరు మొదటిసారి తలెత్తాడు. రక్తంలో వైరస్ ఎంతుందో లెక్కగట్టే పరీక్ష ఇక్కడ లేదన్నాడు.

"ఏడున్నదో రాయుండ్రి, పోతం."

రాశాడు. కాలేయం పరీక్షలు రాశాడు, స్కానింగ్ రాశాడు. మళ్లీ ఎప్పుడు రావాలో అడిగి, ఆరు నెలల తర్వాతి తేదీ పైకి చదివించుకున్నాకే ఆమె లేచింది.

బయటికి రాగానే మంజుల రుసరుసలాడింది. "అందరి ముంగట ఇజ్జత్ దీసినవ్ అమ్మా."

"పానముంటే ఇజ్జత్ మల్ల తెచ్చుకుందం. స్కానింగ్ ఏ దిక్కున్నదో అడుగు. ఒంటి గంటకే తలుపు వెడ్తరట."